భయమంటే తెలియని మనిషికి ఏ హారర్ సినిమా చూపించాలి?

పందెంపిల్ల

మా అన్న 108 అంబులెన్సులో పనిచేస్తాడు. అర్ధరాత్రి హైవే మీద ఏమేం చూస్తాడో ఇంట్లో చెప్పడు, మేమూ అడగం. మా బాధల్లా ఏంటంటే, ఏ దెయ్యం సినిమా పెట్టినా పల్లీలు నములుతూ కామెంట్లు చేస్తాడు. మొన్న "ది కంజూరింగ్" పెట్టాం. తలుపు దానంతటదే కొట్టుకుంటుంటే మేమంతా దుప్పట్లో దూరాం. తను మాత్రం "బందులు వదులైనట్టున్నాయి, కాస్త నూనె పోస్తే సరి" అన్నాడు.

దసరాకి అందరం ఊళ్ళో కలుస్తున్నాం. ఈసారి అన్నని భయపెట్టే సినిమా చూపిస్తానని వదినతో పందెం కాశాను. ఓడితే సెలవులన్నాళ్ళూ అంట్లు నావే. తనకి దెయ్యాల మీద నమ్మకం లేదు. రక్తం, పేగులు చూపించి లాభం లేదు. "ది ఎక్సార్సిస్ట్", జపాన్ "రింగు" రెండూ అయిపోయాయి, రెండింటికీ ఆవలించాడు. సబ్‌టైటిల్స్ చదువుతాడు కాబట్టి ఏ భాషైనా పర్లేదు. "టాప్ 25" లిస్టులు మాత్రం పెట్టకండి ప్లీజ్. ఒకటో రెండో చెప్పి, ఎందుకో కూడా చెప్పండి.

సెకండ్‌షో

ముందు పందెం ఏంటో వదినగారితో తేల్చుకోండమ్మా. ఉలిక్కిపడితే గెలిచినట్టా, రాత్రి నిద్రపట్టకపోతే గెలిచినట్టా? ఉలిక్కిపడటానికి సినిమా ఎందుకు, కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడతాం. అంతా నిశ్శబ్దంగా ఉంచి ఒక్కసారిగా సౌండుతో కొట్టే కిటుకు కొత్తదేం కాదు. 1942లో వచ్చిన "క్యాట్ పీపుల్"లో ఒకమ్మాయి రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఎవరో వస్తున్నారని అనుమానం. ఉన్నట్టుండి ఏదో మృగం మీద పడ్డట్టు శబ్దం. తీరా చూస్తే సిటీ బస్సు వచ్చి ఆగింది! ఆ సినిమా నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఇప్పటికీ దీన్ని "లూటన్ బస్" అంటారు. ఎనభై ఏళ్ళు దాటింది, మనవాళ్ళు ఇంకా ఆ బస్సే తిప్పుతున్నారు.

మీ అన్నకి కియోషి కురొసావా తీసిన "కైరో" (2001) చూపించండి. అకిరా కురొసావాకి ఈయన చుట్టం కాదు, ముందే చెప్తున్నా. అంచులకి ఎర్ర టేపు అంటించి మూసేసిన గదిలోకి ఒకడు వెళ్తాడు. ఆ చివర గోడ దగ్గర ఒకావిడ నిలబడి ఉంటుంది. మెల్లిగా ఇటు నడిచొస్తుంది. పరుగు లేదు, అరుపు లేదు. నడుస్తూ నడుస్తూ మధ్యలో కాలు పట్టు తప్పినట్టు ఒళ్ళంతా ఒక పక్కకి జారిపోతుంది, మళ్ళీ నిలదొక్కుకుని వస్తుంది. అంతే సీను. బందుల మీద జోకులు వేసేవాడికి అక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఎర్రబస్సు

బస్సు అనగానే నన్నే తిడుతున్నారనుకున్నా.

ఉలిక్కిపాటుని అంత చులకన చెయ్యకండి గురువుగారూ. చేతకానివాడు తీస్తే మీరన్న కుక్కరే, ఒప్పుకుంటా. చేతనైనవాడు తీస్తే ఎలా ఉంటుందో "ది ఎక్సార్సిస్ట్ 3" (1990) చూడండి. అసలు నవల రాసిన విలియం పీటర్ బ్లాటీయే దీనికి దర్శకుడు. రాత్రి, ఆసుపత్రి కారిడార్. కెమెరా దూరంగా పెట్టేసి వదిలేశాడు, కదలదు. నర్సు ఒక గదిలోకి వెళ్తుంది, వస్తుంది. గార్డు అటూ ఇటూ తిరుగుతాడు. ఎంతసేపు చూసినా ఏమీ జరగదు. మనకే విసుగొచ్చి వెనక్కి జారగిలబడతాం. సరిగ్గా అప్పుడు... మిగతాది రాయను. నైట్ డ్యూటీలో ఆసుపత్రి కారిడార్లు తెలిసిన మనిషికి అది ఇంకా బాగా తగులుతుంది. నమ్మకం ఉన్నా లేకున్నా గుండె దడ దడే. అది బుర్రని అడిగి కొట్టుకోదు.

గోదారిగట్టు

అందరూ జపాన్, అమెరికా చుట్టూ తిరుగుతున్నారు. మన "రాత్రి" (1992) ఏమైందండీ? రామ్ గోపాల్ వర్మ తెలుగులో, హిందీలో ఒకేసారి తీశాడు. మొదట్లోనే పట్టపగలు, మనిషన్నవాడు లేని వీధుల్లో రేవతి ఒక్కతే నడుస్తుంటుంది. చీకటి లేదు, వాన లేదు, గబ్బిలాలు లేవు. ఆ ఎండలోనే ఒళ్ళు జలదరిస్తుంది. మణిశర్మ నేపథ్య సంగీతం ఎక్కడ ఆగుతుందో గమనించండి, భయం అక్కడుంది.

"మసూద" (2022) సంగతీ మర్చిపోవద్దు. "హెరెడిటరీ" పెడితే మా అమ్మ సగంలో నిద్రపోయింది, ఆ బొమ్మలూ ఆ గొడవా ఆవిడకి పట్టలేదు. "మసూద" చూశాక మాత్రం చాలా రోజులు స్నానానికి వెళ్తే గడియ పెట్టుకోలేదు. పక్క ఫ్లాట్లో ఉండే తల్లీకూతుళ్ళు, సాయం చెయ్యబోయి ఇరుక్కున్న పిరికి కుర్రాడు. అలాంటి మనుషులు మన అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు కదా! మనకి తెలిసిన ఇంట్లో జరిగితేనే దడ పుడుతుంది, టోక్యోలో ఎవడికో జరిగితే మనకేంటి?

సెకండ్‌షో

"రాత్రి" విషయంలో మీకు సలాం. "మసూద" ఫస్టాఫ్‌కి కూడా. కానీ సెకండాఫ్‌లో ఏం జరిగిందో మీకూ తెలుసు. ఫ్లాష్‌బ్యాక్!

మన హారర్‌కి పట్టిన అసలు దెయ్యం ఈ ఫ్లాష్‌బ్యాకే. దెయ్యం ఎవరు, ఎందుకు అయింది, ఎవరి మీద పగ, ఇవన్నీ చెప్పకపోతే ప్రేక్షకుడు ఊరుకోడని మనవాళ్ళ నమ్మకం. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి పూర్వకథ చెప్తారు. అది అయ్యేసరికి ఆవిడకి జరిగిన అన్యాయం తెలుస్తుంది, జాలేస్తుంది. జాలేసిన చోట భయం ఎలా నిలుస్తుంది? అక్కడి నుంచి అది పగ సినిమా అయిపోతుంది, మనం దెయ్యం గెలవాలని చప్పట్లు కొడతాం. "కాంచన" హిట్టయింది భయపెట్టి కాదు, ఇలా చప్పట్లు కొట్టించే. తర్వాత "ప్రేమ కథా చిత్రమ్" (2013), "రాజు గారి గది" (2015) వచ్చి దెయ్యాన్ని కామెడీ ట్రాకులో కలిపేశాయి. అవి సరదాగా ఉండవని అనట్లేదు, నేనూ నవ్వుకున్నా. కానీ ఆ సినిమాలు చూస్తూ పెరిగినవాడికి తెర మీద జుట్టు విరబోసుకున్న మనిషి కనిపిస్తే ముందు నవ్వే వస్తుంది. పందెంపిల్లగారి అన్నది పూర్తిగా ధైర్యమని నేననుకోను. సగం అలవాటు.

"కైరో"లో ఆవిడెవరో చెప్పరు. ఎందుకలా నడుస్తుందో చెప్పరు. సినిమా అయిపోయాక మన దగ్గర మిగిలేది అదే.

మనకి దగ్గరదే కావాలంటే మలయాళం "భూతకాలం" (2022) ఉంది. రాహుల్ సదాశివన్ దర్శకుడు, తర్వాత మమ్ముట్టితో నలుపు తెలుపులో "భ్రమయుగం" తీసినాయనే. ముసలావిడ చనిపోయిన ఇల్లు, అందులో ఒకరితో ఒకరికి పడని తల్లీ కొడుకూ. ఇంట్లో ఏదో ఉందా, వీళ్ళ మనసులే చెడిపోయాయా అన్నది చాలాసేపు తేల్చడు. గోదారిగట్టుగారూ, ఆ తల్లి ఎవరనుకున్నారు? మీ "రాత్రి" రేవతే, ముప్ఫై ఏళ్ళ తర్వాత.

అమావాస్య

మీరంతా క్లాస్ పీకుతున్నారు గానీ, "మా ఊరి పొలిమేర" మొదటి భాగం రాత్రి పదింటికి పల్లెటూళ్ళో చూపించండి చాలు. నిమ్మకాయ, ముగ్గు, శ్మశానం. చేతబడి అంటే మన రక్తంలో ఉన్న భయం. నమ్మకం లేదనే మొనగాళ్ళు కూడా మూడు దార్లు కలిసేచోట ఎర్ర నీళ్ళు, కోడిగుడ్డు కనిపిస్తే తొక్కకుండా పక్కకి జరిగి పోతారు. అన్నగారు జరగరా, అడగండి!

కందిచేను

అమావాస్య అన్నా, సినిమా బాగుంది, కాదనను. కానీ నాకు ఆ బాపతు సినిమాలు చూస్తే వేరే భయం. మా వైపు బాణామతి చేశాడన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు పేపర్లో చదువుతూ పెరిగాం. ఊళ్ళో ఒకరికి జ్వరం తగ్గదు, బర్రె చస్తుంది. రచ్చబండ దగ్గర ఎవడో ఒక పేరు అంటాడు. పేరు పడ్డవాడు ఎప్పుడూ ఒంటరివాడో, ముసలిదో, అండ లేనివాళ్ళో అయ్యుంటారు. నిన్నటిదాకా చుట్టరికం కలిపిన పక్కింటివాడే కట్టె పట్టుకుని వస్తాడు. ఎవరన్నా హారర్ తీస్తే అనుమానం పడ్డవాడి ఇంట్లో కెమెరా పెట్టి తియ్యాలి, తలుపు బయట జనం గోల వినిపిస్తూ. మన సినిమాలేమో చేతబడి నిజంగానే జరిగిందని చూపించి టికెట్లు అమ్ముకుంటున్నాయి.

అమావాస్య

తమ్ముడూ, దెయ్యం ఉందని చూపించిన సినిమాని తప్పు పట్టవు, చేతబడి ఉందని చూపిస్తే తప్పా?

కందిచేను

దెయ్యం అని పేరు పెట్టి ఎవర్నీ చెట్టుకి కట్టెయ్యరు కదన్నా.

ఎర్రబస్సు

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. దీనికి వేరే చర్చ పెట్టండి, వస్తా. ఇక్కడ పాపం ఆ అమ్మాయి అంట్ల సంగతి చూద్దాం.

వార్డుడ్యూటీ

ఇందాకటి నుంచి చదువుతున్నాను. నేను క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని, అందుకే రాస్తున్నా. పందెంపిల్లా, మీ అన్న భయపడడని మీరంతా అనుకుంటున్నారు. మాలాంటివాళ్ళం రక్తం చూసి ఉలిక్కిపడటం మానేస్తాం, అది నిజమే. డ్యూటీ చెయ్యాలంటే తప్పదు. కానీ మమ్మల్ని పట్టుకునేవి వేరే ఉంటాయి.

పైన ఎవరో "హెరెడిటరీ" పేరు ఎత్తారు. చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి. అందులో రోడ్డు మీద ఒక ఘోరం జరుగుతుంది. కారు నడిపిన పిల్లాడు వెనక్కి తిరిగి చూడడు. ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి మంచం మీద పడుకుంటాడు. తెల్లారుతుంది. కెమెరా ఇంకా వాడి మొహం మీదే ఉంటుంది. తల్లి కారు దగ్గరికి వెళ్ళడం మనకి వినిపిస్తుంది, తర్వాత ఆవిడ కేక వినిపిస్తుంది. ఆ కేక సినిమా కేకలా ఉండదు. మా వార్డు బయట బంధువులకి విషయం చెప్పినప్పుడు వినిపించే కేక అది. నేను అక్కడే ఆపేశాను, మిగతా సినిమా ఇప్పటికీ చూడలేదు. రేపు మీ అన్న పల్లీలు పక్కన పెట్టేస్తే మీరు గెలిచామనుకుంటారు. తనకి ఆ రాత్రి ఏ కాల్ గుర్తొచ్చిందో మీకు చెప్పడు.

భయపెట్టండి, తప్పులేదు. యాక్సిడెంట్లు, అంబులెన్సులు, చిన్నపిల్లల చావులు ఉన్నవి మాత్రం వద్దు. సెలవులకి ఇంటికొచ్చిన మనిషి.

ఎర్రబస్సు

అక్కా, అయితే నేను చెప్పిన ఆసుపత్రి సీను కూడా లిస్టులోంచి తీసేయండి.

వార్డుడ్యూటీ

అది పర్లేదు తమ్ముడూ, నేను చూశాను. ఆ నర్సు చేసిన తప్పులు లెక్కపెట్టుకుంటూ చూశా.

పందెంపిల్ల

అక్కా, థాంక్స్. నిజంగానే "హెరెడిటరీ" డౌన్‌లోడ్ చేసి పెట్టాను, తీసేశా. మీరు రాసింది వదినకి కూడా చూపించాను. తను కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పందెం మాత్రం పందెమే" అంది.

దెయ్యం లేకుండా, రక్తం లేకుండా, యాక్సిడెంట్ లేకుండా ఏమన్నా ఉందా మరి? ఉంటే మొదటి రాత్రి అది పెడతాను, రెండో రాత్రి "భూతకాలం". "కైరో" సీను యూట్యూబ్‌లో చూసి నాకే జ్వరం వచ్చింది, అది నా వల్ల కాదు.

సెకండ్‌షో

సీన్లు విడిగా యూట్యూబ్‌లో చూడకండి, సగం విలువ పోతుంది.

మీ షరతులకి అతికినట్టు సరిపోయేది ఒకటుంది. డచ్ సినిమా, 1988, జార్జ్ స్లూయిజర్ దర్శకుడు, ఇంగ్లీషులో "ది వానిషింగ్" అంటారు. ఫ్రాన్సులో సెలవులకి కార్లో వెళ్తున్న జంట పెట్రోల్ బంకు దగ్గర ఆగుతారు. అమ్మాయి డ్రింకులు తెస్తానని లోపలికి వెళ్తుంది, తిరిగి రాదు. పట్టపగలు, చుట్టూ జనం. మూడేళ్ళయినా అతను వెతుకుతూనే ఉంటాడు. ఇక చిత్రం ఏంటంటే, ఎత్తుకెళ్ళినవాడెవడో దర్శకుడు దాచడు. భార్య, కూతుళ్ళు ఉన్న కెమిస్ట్రీ మాస్టారు. ఖాళీ కారులో పక్క సీటు తలుపు ఎలా తెరవాలో, రుమాలు ఎలా పట్టుకోవాలో ఒక్కడే రిహార్సల్ చేసుకుంటాడు. మధ్యలో ఆగి తన నాడి తనే చూసుకుని నోటుబుక్కులో రాసుకుంటాడు. మొహంలో కోపం లేదు, పిచ్చి లేదు. ఇంటి కరెంటు బిల్లు లెక్క చూసుకుంటున్నంత మామూలుగా. చివరికి అతనే వచ్చి, ఆ అమ్మాయికి ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఒకటే దారుందని చెప్తాడు. దాని తర్వాత ఏం జరుగుతుందో ఇక్కడ ఎవరూ నోరు విప్పకండి దయచేసి.

స్టాన్లీ కుబ్రిక్ తను చూసినవాటిలో అత్యంత భయంకరమైనది ఇదే అన్నాడని స్లూయిజరే చెప్పుకునేవాడు. నమ్మకాలతో దీనికి పనిలేదు. తెలుసుకోవాలన్న ఆరాటం ఉన్న మనిషైతే చాలు.

గోదారిగట్టు

చూశాను, పొగరుతోనే చూశాను. "టోక్యోలో ఎవడికో జరిగితే మనకేంటి" అన్న మాట ఫ్రాన్సుకి వర్తించదని రాసుకోండి. కానీ "మసూద" మీద నా మాట మారదు.

చివరిసీటు

లైట్లు తీసేసి, ఫోన్లన్నీ ఒక గిన్నెలో వేసి పక్క గదిలో పెట్టండి. పల్లీలు ముందే దాచెయ్యండి, నోట్లో ఏదో ఆడుతున్నంతసేపూ మనిషికి భయం వెయ్యదు.

పందెంపిల్ల

పల్లీలు వదిన చేతిలో ఉంటాయండీ, ఇవ్వకుండా ఉంటుందా! సరే, "ది వానిషింగ్" ఖాయం చేశా. వెతికితే రెండు కనిపిస్తున్నాయి, ఒకదాంట్లో జెఫ్ బ్రిడ్జెస్ ఉన్నాడు. తెలిసిన మొహం కదా, అది పెట్టనా?

సెకండ్‌షో

వద్దు వద్దు! అది 1993 హాలీవుడ్ రీమేక్. అదే స్లూయిజర్ తీసి, తన క్లైమాక్స్‌ని తనే మార్చేశాడు, అంతా సుఖాంతం. అది పెట్టారో, అంట్లు మీవే.