పాత ఇంట్లో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే తీసేయడమేనా?

తెనాలి_వాసి:
అమ్మానాన్న ఉంటున్న ఇల్లు 1986లో కట్టింది. గోడలో పైపు వైరింగే గానీ ప్లగ్ పాయింట్లకి రెండు వైర్లే, మూడో పిన్ను ఖాళీ. మొన్న గీజర్ పెట్టినప్పుడు మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కో మనిషికో లీకైతే సప్లై ఆపేసే స్విచ్) వేయించాను. అప్పట్నుంచి పడిపోతూనే ఉంది, వానొస్తే మరీ ఎక్కువ. "పాత ఇళ్లకి ఇది సెట్ కాదు, తీసేసి ఎంసీబీలు (లోడు మించితే పడే స్విచ్‌లు) ఉంచుకోండి" అంటున్నాడు ఎలక్ట్రీషియన్. ఏం చేయమంటారు?

కృష్ణాతీరం:
తీసేయండి. పెద్దవాళ్లు అర్ధరాత్రి చీకట్లో తడుముకుంటూ మెయిన్ దాకా వెళ్లి జారిపడితే? అది ప్రమాదం కాదా? మా వీధిలో ఇళ్లన్నీ ఏళ్ల తరబడి ఫ్యూజుల మీదే నడిచాయి.

పవర్_ఆఫ్:
కృష్ణాతీరం గారూ, చీకటి సంగతి నిజమే. లైట్లకి ఒకటి, ప్లగ్ పాయింట్లకి ఒకటి రెండు ఆర్‌సీసీబీలు వేసి న్యూట్రల్స్ కూడా విడదీస్తే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. కానీ ఎంసీబీ షాక్ నుంచి కాపాడదండీ. గీజర్ బాడీకి ఫేజ్ తగిలిందనుకోండి. ఎర్త్ ఉన్నా గుంత ఎండిపోయి 20 ఓమ్‌లు చూపిస్తోందనుకోండి. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీకి అది మామూలు లోడే, పడదు. బాడీలో కరెంటు అలాగే ఉంటుంది.

తెనాలి_వాసి గారూ, మెయిన్ ఆపించి, ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టర్ అన్నీ పీకించండి. ఒక్కో సర్క్యూట్‌కి ఫేజ్, న్యూట్రల్ రెండూ విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఎర్త్‌కి కొలవాలి. 1 మెగ్ ఓమ్ కంటే తక్కువ వచ్చిన లైన్లోనే లీకేజీ ఉన్నట్టు. ఫేజ్ ఒక్కటే విప్పితే చాలదు. ఎంసీబీలన్నీ ఆపినా ఆర్‌సీసీబీ పడుతోందంటే న్యూట్రల్‌నే అనుమానించాలి, సింగిల్ పోల్ ఎంసీబీ దాన్ని విడదీయదు కదా. టెస్టర్ వెలిగింది, ఆరింది అంటూ తేల్చేస్తే ఒప్పుకోకండి.

మానేరు_గట్టు:
మా ఇంట్లోనూ ఎర్త్ లేదు. న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క మూడో పిన్నుకి ఇచ్చారు. బాగానే నడుస్తోంది.

పవర్_ఆఫ్:
అన్నా, ఆ ముక్క ఈరోజే తీయించు. న్యూట్రల్ ఎక్కడైనా ఊడిందంటే గీజర్ ఒళ్లంతా 230 వోల్టులు! పంపు పట్టుకున్న మనిషి పరిస్థితి ఆలోచించు.

తెనాలి_వాసి:
మెగ్గర్ ఉన్న వేరే ఆయన్ని పిలిపించాం. బయట గోడకున్న మోటారు పాయింటు లైన్ 0.08 మెగ్ ఓమ్ చూపించింది. బోర్డు విప్పితే వెనక డబ్బా నిండా చెమ్మ, స్క్రూల మీద పచ్చగా చిలుము, వైరు తొడుగు గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఆ లైన్ విడదీశాక రాత్రంతా వాన పడినా ట్రిప్ కాలేదు. గీజర్‌కి ఎర్త్‌తో వేరే లైన్ లాగేదాకా స్విచ్ వేయొద్దని నాన్నకి చెప్పాను.

మానేరు_గట్టు:
ఒక చోట తొడుగు రాలుతోందంటే మిగతా లైన్లూ అదే వయసువి కదా. ఇల్లంతా కొత్త వైరింగ్ చేయించుకోవడమే మేలు.

పవర్_ఆఫ్:
ఎండకీ వానకీ నానిన లైన్‌నీ లోపలి గదుల లైన్లనీ ఒకే గాటన కట్టలేం. మిగతావి ఎన్ని మెగ్ ఓమ్‌లు వచ్చాయో రాయండి, చూసి చెప్తాను. పైపులు పూడిపోకుండా ఉంటే పాత వైరుకి కట్టి కొత్తది లాగొచ్చు, ఎర్త్ కూడా దాంతోపాటే వస్తుంది, గోడలు కొట్టక్కర్లేదు.