ఆసియా ఫుట్‌బాల్ క్లబ్ కప్ నాకౌట్లన్నీ సౌదీలోని జెడ్డాలోనేనా?

పసుపుజెర్సీ_గచ్చిబౌలి:
2025లో ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) చాంపియన్స్ లీగ్ ఎలీట్ క్వార్టర్స్ నుంచి ఫైనల్ దాకా మొత్తం జెడ్డాలోనే పెట్టిండ్రు. కప్పు కొట్టింది ఎవరు? అదే ఊరి అల్ అహ్లీ. 47 సభ్య సంఘాలున్న సమాఖ్య కప్పుని ఒక ఊరికి రాసిస్తే ఎట్ల? 2023లో సౌదీ క్లబ్ అల్ హిలాల్, జపాన్ క్లబ్ ఉరావా ఫైనల్ రెండు మ్యాచ్‌లుగ పెట్టిండ్రు, ఒకటి రియాద్‌లో, ఒకటి సైతామాలో. సైతామాలో స్టాండ్లు స్టాండ్లే ఎర్రగా ఊగినయ్. అదీ ఫైనలంటే.

మల్కాజ్‌గిరి_శీను:
అన్నా, అదే జెడ్డాలో సెమీస్‌లో జపాన్ క్లబ్ కవసాకి వాళ్లు రొనాల్డో ఉన్న సౌదీ క్లబ్ అల్ నస్ర్‌ని 3-2తో కొట్టారు. గ్రౌండ్ ఎవరిదైతే ఏంటి? జపాన్ నుంచి సౌదీకి వెళ్లి రావాలంటే ఎంత దూరం, ఎంత ఖర్చు, మధ్యలో లీగ్ మ్యాచ్‌లు, ఒక్కచోట పెడితే వారంపది రోజుల్లో అయిపోతుంది.

పసుపుజెర్సీ_గచ్చిబౌలి:
ఆ కవసాకినే ఫైనల్‌లో 2-0తో ఓడింది. స్టేడియం నిండా ఎవరున్నరు?

ఆఫ్‌సైడ్_అత్తాపూర్:
ఓట్ల సంగతి ఎవరూ మాట్లాడరేం? ఏఎఫ్‌సీలో మనకీ ఒక ఓటే, చిన్న దీవి గువామ్‌కీ ఒక ఓటే.

మల్కాజ్‌గిరి_శీను:
ఓటు కాదు బ్రదర్, డబ్బు. 2027 ఫుట్‌బాల్ ఆసియా కప్‌ నిర్వహణకి మనమూ బిడ్ వేసి, 2022 డిసెంబర్‌లో మనమే వెనక్కి తీసుకున్నాం. సౌదీ నిలబడింది, వాళ్లకి పోయింది. ఖర్చు పెట్టేవాడు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక లోకల్ టోర్నీకి షామియానాలు, కుర్చీలు, మైక్ సెట్ నేనే పంపించా. రాత్రి వాన పడితే గుంజలు పట్టుకుని తడుచుకుంటూ నిలబడ్డాం నేనూ మా పనివాళ్లూ. ఆ బాకీ ఇప్పటికీ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తరు.

పసుపుజెర్సీ_గచ్చిబౌలి:
నీ బాకీకీ జెడ్డాకీ ఏం సంబంధం తమ్మీ? హోమ్ మ్యాచ్ అన్నది ఉండాల్నా వద్దా, అది చెప్పు ముందు.

మల్కాజ్‌గిరి_శీను:
చెప్తున్నా వినండి. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టింది, ఆ సీజన్ అంతా గోవాలోనే ఆడారు. కేరళ జట్టుతో ఫైనల్ అక్కడి ఫతోర్దాలో, స్టాండ్లలో అంతా కేరళ వాళ్లే, అయినా పెనాల్టీల్లో మనమే గెలిచాం. మరి ఆ కప్పు మీది కాదా?

పసుపుజెర్సీ_గచ్చిబౌలి:
ఆ కప్పు గురించి నాకు చెప్పకు! మన గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే నేను టీవీ ముందు మోకాళ్ల మీద కూసున్న. ఊరు గెలిచింది, ఊర్లో ఒక్క మ్యాచ్ లేదు. కరోనా, సరే, ఒప్పుకున్న. మరి 2025లో టీమ్‌నే తీసుకపోయి ఢిల్లీ జట్టుగ మార్చిండ్రు గదా, దానికి ఏం కరోనా? మా చిన్నోడి పసుపు జెర్సీ ఇంకా బీరువాలనే ఉంది, వాడికి ఏమని చెప్పాలె?

రహీంసాబ్_శిష్యుడు:
హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా 5 సార్లు, అప్పటి పెద్ద టోర్నీ రోవర్స్ కప్ తెచ్చిన ఊరు ఇది. మన కోచ్ రహీం సాబ్ 1962లో జకార్తాలో ఇండియాకి ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చారు. బాధేస్తుంది.

మల్కాజ్‌గిరి_శీను:
అదీ అసలు విషయం. అన్న కోపం జెడ్డా మీద కాదు. జట్టు ఊరిదని అన్న అంటాడు, జీతాలిచ్చేవాడిది అని నేనంటా. అక్కడ డబ్బుంది కాబట్టి ఆట అక్కడికి పోయింది, ఇక్కడ లేదు కాబట్టి టీమ్ ఢిల్లీకి పోయింది.

పసుపుజెర్సీ_గచ్చిబౌలి:
అవును, ఊరిదే అంట. డబ్బున్నోడు ఇయ్యాల ఉంటడు, రేపు ఉండడు. వాన పడ్డప్పుడు నీ గుంజలు పట్టుకున్నది ఎవరు, పైసలిచ్చేటోడా?

మల్కాజ్‌గిరి_శీను:
...మేమే పట్టుకున్నాం. కానీ అన్నా, మళ్లీ అలాంటి టోర్నీ వస్తే అడ్వాన్స్ లేకుండా ఒక్క కుర్చీ కూడా పంపను. క్వార్టర్స్ దాకా హోమ్ మ్యాచ్‌లు పెట్టమనండి, ఒప్పుకుంటా. సెమీస్ నుంచి ఒక్కచోటే.

పసుపుజెర్సీ_గచ్చిబౌలి:
ఫైనల్ రెండు ఊళ్లల్ల కావాలె అని గదా నేను మొదటి నుంచి అంటున్నది!