500 డిగ్రీల టైటానియం పొరా, 150 డిగ్రీల టిన్ పొరా?

హనుమకొండ విద్యార్థి:
పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో కాంతిని పట్టే సోలార్ సెల్‌ల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఎలక్ట్రాన్ రవాణా పొరకు (కాంతికి పుట్టిన ఎలక్ట్రాన్లను బయటికి చేరవేసే పొర) టైటానియం డయాక్సైడ్ వేసి 500 డిగ్రీల్లో కాల్చమని సీనియర్లు అంటున్నారు. నాకేమో 150 డిగ్రీల్లోనే తయారయ్యే టిన్ ఆక్సైడ్ మీద మనసుంది. అది నిలుస్తుందా? చేసి చూసినవారు చెప్పండి.

గోదావరిఖని:
తమ్ముడూ, సీనియర్ల మాట కొట్టిపారేయకు. 450–500 డిగ్రీల్లో సేంద్రియ మలినాలు కాలిపోతాయి, టైటానియం పొర చక్కటి స్ఫటికంగా కుదురుకుంటుంది. 150 డిగ్రీల్లో ఆ శుద్ధి ఎక్కడిది? తేమ, హైడ్రాక్సిల్ సమూహాలు పొర పైభాగాన్ని పట్టుకునే ఉంటాయి. ఎలక్ట్రాన్లు అక్కడే చిక్కుకుంటాయి. వేసవిలో మా రామగుండంలో డాబా మీది సోలార్ పలకపై చేయి పెట్టలేం. ల్యాబ్‌లో ఒక పూట వచ్చిన సామర్థ్యం చూసి మురిసిపోవద్దు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు నిలిచాక మాట్లాడుకుందాం.

కాజీపేట:
అన్నా, ఆ పరీక్ష పెట్టాల్సిందే. కానీ ఎంత కాలిస్తే అంత గట్టి అన్నది ఇటుకల బట్టీ లెక్క, ఇక్కడ చెల్లదు. అతినీలలోహిత కాంతి పడితే టైటానియం డయాక్సైడ్ ఉత్ప్రేరకంగా పనిచేసి, తన మీదున్న పెరోవ్‌స్కైట్‌నే పాడుచేస్తుంది. టిన్ ఆక్సైడ్‌తో ఆ బెడద తక్కువ, ఎలక్ట్రాన్ల కదలికా అందులో వేగం. అసలు చిక్కు పొర కింద ఏముందన్నది. పెట్ ప్లాస్టిక్ 150 డిగ్రీలు దాటితే ముడుచుకుపోతుంది. సిలికాన్ హెటెరోజంక్షన్ (ఎక్కువ వేడి తాళని పలచటి సిలికాన్ పొరలున్న) సెల్ మీద పెరోవ్‌స్కైట్ సెల్ పేర్చి టాండెమ్ కట్టాలంటే 200 దాటకూడదు. 500 డిగ్రీలంటే ఎఫ్‌టీఓ (విద్యుత్తు పారే టిన్ ఆక్సైడ్ పూత ఉన్న) గాజు తప్ప దాదాపు వేరే దారి లేదు.

2009లో జపాన్ శాస్త్రవేత్త మియసాకా బృందం 3.8 శాతం సామర్థ్యంతో మొదలుపెట్టిన పెరోవ్‌స్కైట్ సెల్ ఇప్పుడు 26 శాతం దాటింది. 100 డిగ్రీల లోపు ద్రావణంలో పెంచిన టిన్ ఆక్సైడ్‌తో 2021లోనే 25 శాతం దాటారు. అలాగని తక్కువ వేడిలో తయారయ్యేవన్నీ మంచివి కావు. జింక్ ఆక్సైడ్‌కు క్షార గుణం ఉంది. దాని మీద మిథైల్ అమ్మోనియం పెరోవ్‌స్కైట్ వేసి వేడిచేస్తే, నల్లటి పొర కళ్లముందే పసుపు పచ్చని లెడ్ అయొడైడ్‌గా మారుతుంది.

గోదావరిఖని:
అతినీలలోహిత కాంతి మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. నా భయమల్లా పొర పైభాగం గురించే. తక్కువ వేడిలో ఒక్కో విడత ఒక్కోలా వస్తుంది.

హనుమకొండ విద్యార్థి:
నాకు నిన్న అదే జరిగింది. టిన్ ఆక్సైడ్ ద్రావణాన్ని నీటితో పలచన చేసి గాజు మీద వేస్తే, తామరాకు మీది బొట్టులా ముద్దగా నిలబడింది. స్పిన్ కోటర్ (గాజును గిరగిరా తిప్పి ద్రావణాన్ని పలచగా పరిచే యంత్రం) ఆగాక చూస్తే మధ్యలో మాత్రమే పట్టింది, అంచులు ఖాళీ.

కాజీపేట:
అది పొర తప్పు కాదు, గాజుది. గాజును శుభ్రం చేసే యూవీ-ఓజోన్ యంత్రంలో 15 నిమిషాలు ఉంచి, తీసిన వెంటనే వేయి. తీసి పక్కన పెట్టి టీకి వెళ్లొస్తే గాజు మళ్లీ నీటిని తోసేస్తుంది.