అప్‌డేట్: చేవెళ్ల తోట ఇంట్లో బోరు నీళ్ల సమస్య తీరింది

ఉగాది నుంచి ప్రతి శనివారం హైదరాబాద్ నుంచి చేవెళ్ల దగ్గరి మా తోట ఇంటికి వెళ్తే, మోటార్ తిరుగుతున్నా నీళ్లు సన్నగా వస్తున్నాయని, బోరు ఎండిందా, కొత్తది వేయించాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

బోరు ఎండలేదండి! మోటార్ స్టార్ట్ అవ్వడానికి తోడ్పడే కెపాసిటర్ మార్చినా లాభం లేకపోయింది. కొత్త బోరు అవసరమే లేదు. "ముందు పైపులు పైకి తీయించండి" అన్న సలహానే పనిచేసింది. మెకానిక్ తీసి చూస్తే ఆరో పైపు జాయింట్ దగ్గర చిల్లు. పైకెక్కాల్సిన నీళ్లు అక్కడి నుంచే తిరిగి బోరులోకి పడిపోతున్నాయి. మోటార్ నడుస్తుండగా కేసింగ్ (బోరుకు వేసే బయటి పైపు) దగ్గర చెవి పెడితే ఆ చప్పుడు వినిపించేది, మేమే పట్టించుకోలేదు. మీకూ ఇలాగే నీళ్లు తగ్గితే ముందు అది వినండి.

పైపు మార్చాక ట్యాంకు గంటలోపే నిండింది. నాన్నగారు నాటిన మామిడి మొక్కలు బతికాయి, అమ్మ టెన్షన్ తీరింది.