‘బాహ్య కర్పరం’ అన్న మాట ఎందాకా నిలుస్తుంది?

ప్రశ్న: ఆవర్తన పట్టిక పాఠంలో ‘బాహ్య కర్పరంలో ఎలక్ట్రాన్ల సంఖ్య సమానమైతే ఆ మూలకాలు ఒకే గ్రూపువి’ అని పిల్లలకు రాయిస్తున్నాం. ఈ వాక్యం ఇలాగే ఉంచవచ్చా? కర్పరం (కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లుండే పొర) అన్న మాట కష్టంగా ఉందని కొందరు కక్ష్య అంటున్నారు. అది సరేనా?

జవాబు: కక్ష్య వద్దండీ. అది తిరిగే దారి, గ్రహాలకు సరిపోతుంది. కర్పరమంటే పుర్రె, తాబేటి డిప్ప, కుండపెంకు. ఎలక్ట్రాన్‌కు గీసిన దారంటూ లేదు కనుక పెంకు అన్న భావమే నయం.

ఇక వాక్యం. హీలియంకు బయట రెండే ఎలక్ట్రాన్లు, మెగ్నీషియంకూ రెండే; ఒకటి 18వ గ్రూపు, మరొకటి 2వది. టైటానియం, ఇనుము రెండింటికీ 4ఎస్‌లో (నాలుగో కర్పరంలో ఎస్ అనే భాగంలో, అంటే ఉపకర్పరంలో) రెండేసి. గ్రూపులు 4, 8. అందుకే ‘ఎస్, పి బ్లాకులలో, హీలియం తప్ప’ అని ముందు చేర్చి తీరాలి; బ్లాకు అంటే చివరి ఎలక్ట్రాన్ చేరే ఉపకర్పరాన్ని బట్టి చేసిన విభాగం.

ఇంకొకరు: నియమం వల్లె వేయించేకంటే అంకెలు ఇవ్వండి. అల్యూమినియం వరుస అయనీకరణ శక్తులు (ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా తీయడానికి కావలసిన శక్తి) మోల్‌కు కిలోజౌళ్లలో 578, 1,817, 2,745, 11,577. ప్రతిదాన్నీ దాని ముందుదానితో భాగించమనండి: 3.1, 1.5, 4.2. అన్నిటికన్నా పెద్ద గెంతు మూడో ఎలక్ట్రాన్ తర్వాత వచ్చింది. అంటే బయట ఉన్నవి మూడు, గ్రూపు 13.

ప్రశ్న: మొదటి 3.1 కూడా పెద్దదే కదండీ? పిల్లలు అక్కడే ఆగిపోతారు.

జవాబు: ఆగుతారు, ఆ తప్పులోనే అసలు పాఠం ఉంది. మొదట పోయేది 3పి ఎలక్ట్రాన్, తర్వాతి రెండూ 3ఎస్‌వి. 3ఎస్ కేంద్రకానికి మరింత చేరువగా చొచ్చుకుపోతుంది కాబట్టి దాని పట్టు గట్టిది. అది ఉపకర్పరం మారిన గెంతు, 4.2 కర్పరమే మారిన గెంతు. మెగ్నీషియం 738 నుంచి అల్యూమినియం 578కి పడిపోవడానికీ ఇదే కారణం. భాస్వరం 1,012 నుంచి గంధకం 1,000కి తగ్గడం వేరే సంగతి: అక్కడ ఒకే 3పి ఆర్బిటాల్‌లో (ఉపకర్పరంలో రెండే ఎలక్ట్రాన్లు పట్టే చోటు) రెండో ఎలక్ట్రాన్ చేరి వికర్షణ పెరుగుతుంది. ఈ రెండు తగ్గుదలలనూ ఒకే కారణం కింద రాస్తే మార్కులు పోతాయి.

ఇంకొకరు: ఒక హెచ్చరిక. ఈ భాగహారం రెండు, మూడు పీరియడ్లలోనే (పట్టిక అడ్డు వరుసల్లోనే) నమ్మకంగా పనిచేస్తుంది. అల్యూమినియం కిందనే ఉన్న గాలియంతో చేసి చూడండి: మొదటి గెంతు 3.4, మూడో ఎలక్ట్రాన్ తర్వాతిది రెండింతలకు అటూఇటూ. లోపలున్నది నిండిన 3డి; అల్యూమినియం లోపలి 2పి అంత లోతుగా అది ఉండదు. గాలియం ఇస్తే పిల్లలు దాన్ని ఒకటో గ్రూపు అనేస్తారు, తప్పు వాళ్లది కాదు.

ఇంకొకరు: ఇనుము దగ్గర మాత్రం ‘బాహ్య’ అన్న విశేషణం బాగా అక్కరకొస్తుంది. 3డి కన్నా 4ఎస్ ముందు నిండిందని చెప్పాక, అయాన్ అయ్యేటప్పుడు 3డి నుంచే ముందు తీస్తారు చాలామంది. బయటి కర్పరం నాలుగోది, ముందు పోయేది 4ఎస్. ఇనుము రెండు ధనావేశాల అయాన్‌లో మిగిలేది 3డిలో ఆరు, 4ఎస్‌లో సున్నా.