హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటాక హోటళ్లు, బార్లు తెరిచి ఉండాలా?

రాత్రి షిఫ్టు ఉద్యోగిని (చర్చకు ప్రతిపాదన):

మన నగరంలో రాత్రి స్నేహితులతో కలిసి బయట భోజనం చేయాలంటే, కుర్చీలో కూర్చున్న దగ్గర నుంచీ గడియారం చూసుకోవలసి వస్తోంది. నిబంధనలు చూస్తే అంత కఠినంగా లేవు. జీహెచ్‌ఎంసీ పరిధిలో బార్లకు మామూలు రోజుల్లో రాత్రి 12 వరకు, శుక్ర, శనివారాల్లో ఒంటిగంట వరకు అనుమతి ఉంది. దుకాణాలు, వాణిజ్య సంస్థలు ఏడాదికి 10,000 రూపాయల రుసుము చెల్లించి 24 గంటలూ నడుపుకోవచ్చని రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. అది మద్యం అమ్మకాలకు వర్తించదని కూడా స్పష్టం చేసింది. మద్యం దుకాణాలు తప్ప మిగిలిన వ్యాపారాలు రాత్రి ఒంటిగంట దాకా నడవవచ్చని 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలోనే ప్రకటించారు. ఇన్ని ఉన్నా, మా గచ్చిబౌలి వైపు గస్తీ వాహనం కనిపించగానే ఇడ్లీ బండివారు పొయ్యి ఆర్పేయడం, చిన్న హోటలువారు షట్టరు సగం దించి లోపల ఉన్నవాళ్లను తొందరపెట్టడం నేను తరచుగా చూస్తున్నాను.

అమెరికా, ఐరోపా వేళలకు పనిచేసే వేల మంది ఇక్కడ అర్ధరాత్రి తర్వాతే భోజనానికి లేస్తారు. వారికి అన్నం దొరకడం విలాసం కాదు. అంతకన్నా ముఖ్యంగా, నాలాంటి స్త్రీలకు మూసేసిన దుకాణాల మధ్య చీకటి వీధి కన్నా దీపాలు వెలుగుతూ పదిమంది మసలే వీధే భద్రమైనది. అందుకని ఆహారశాలలకు రాత్రంతా, బార్లకు, పబ్బులకు కొన్ని నిర్ణీత ప్రాంతాల్లో తెల్లవారుజామున 3 వరకు అనుమతి ఇవ్వాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

జూబ్లీహిల్స్ నివాసి:

అమ్మా, ఆహారం గురించి మీరు రాసినదానితో నాకు పేచీ లేదు. బార్లకు తెల్లవారుజాము 3 గంటలన్న మాట దగ్గరే ఆగిపోయాను. నేను ఉంటున్నది ఇళ్ల మధ్యకు పబ్బులు వచ్చి చేరిన వీధి. మేము ఇల్లు కట్టుకున్ననాడు ఎదురుగా నివాస గృహమే ఉండేది. తర్వాత అది అద్దెకు పోయింది, పైకప్పు మీద రేకుల పందిరి లేచింది, దాని కింద స్పీకర్లు వచ్చాయి.

2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించకూడదు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది, బయటివారికి అది తెలియదు. ఆ కొలత మనిషి చెవి తీరును అనుసరించి, బరువైన మంద్ర ధ్వనిని తక్కువ చేసి లెక్కిస్తుంది. పబ్బు నుంచి మా ఇంటికి పాట మాటలు చేరవు, గాయకుడి గొంతూ చేరదు. ఆ మంద్ర ధ్వనే నేలలోంచి, గోడల్లోంచి వచ్చి మంచాన్ని కదిలిస్తుంది. ఫిర్యాదు చేస్తే వచ్చినవారు వీధిలో నిలబడి మీటరు చూసి, పరిమితికి కొంచెం ఎక్కువే కానీ పెద్ద తేడా లేదని చెప్పి వెళ్లిపోతారు. లోపల ఎనభై ఏళ్ల మా అత్తగారు దిండు చెవులకు అదుముకుని కూర్చుంటారు.

ఈ సమస్య మీదే మా ప్రాంత నివాసుల సంఘం హైకోర్టుకు వెళ్లింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పబ్బుల్లో సంగీతం వినిపించకూడదని 2022 సెప్టెంబరులో న్యాయస్థానం ఆదేశించింది. తర్వాత డివిజన్ బెంచి ఆ ఆంక్షను జూబ్లీహిల్స్‌లోని పది పబ్బులకే పరిమితం చేసింది. కోర్టు మెట్లు ఎక్కితే తప్ప నిద్రపట్టని స్థితి ఒక నివాస ప్రాంతానికి రావడమే అన్యాయం. ఉన్న నిబంధన అమలు కాని చోట, మరో రెండు గంటలు ఇవ్వండని అడగడానికి ఏ నైతిక ఆధారం ఉంది?

శబ్దం ఒక్కటే కాదు. వాలే పార్కింగ్ కుర్రవాళ్లు కార్లను మా గేట్ల ముందు పెట్టి వెళ్తారు. రాత్రివేళ అంబులెన్సు రావలసి వస్తే దారేదన్నది మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉన్న భయం.

పాతబస్తీ వాసి:

రాత్రి సంచారం ఈ నగరానికి బయటి నుంచి వచ్చి పడిన అలవాటు కాదని ఒక మాట చేర్చదలిచాను. రంజాన్ నెలలో దుకాణాలు రాత్రంతా తెరిచి ఉంచుకోవడానికి ప్రభుత్వమే అనుమతి ఇస్తుంది. చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి, మదీనా కూడలి వరకు ఆ రోజుల్లో తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరీ వేళ దాకా హలీం బట్టీల దగ్గర, గాజుల అంగళ్లలో, అత్తరు కొట్లలో కుటుంబాలకు కుటుంబాలే తిరుగుతుంటాయి. చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లులు, ముసలివాళ్లు, ఆదిలాబాద్ నుంచో కర్నూలు నుంచో వచ్చినవాళ్లు అందరూ ఉంటారు. మొజంజాహీ మార్కెట్ దగ్గర తెల్లవారుజామున దోసె కోసం నిలబడే గుంపును చూడనివారు ఎవరు? మద్యం లేకుండానే నగరం రాత్రంతా మేలుకోగలదు. కాబట్టి రాత్రి జీవితమంటే పబ్బులే అన్నట్టు చర్చ సాగడం నాకు బాధగా ఉంది. ముందు చాయ్ హోటలుకు, బిర్యానీ హోటలుకు భయం లేకుండా తెరుచుకునే హక్కు ఇవ్వండి. పబ్బుల సంగతి విడిగా మాట్లాడుకుందాం.

బార్ అండ్ రెస్టారెంట్ కెప్టెన్:

ఇంతవరకు అతిథుల గురించి, ఇరుగుపొరుగువారి గురించి మాట్లాడారు. లోపల పనిచేసేవారి తరఫున నేను రాస్తున్నాను.

బార్ ఒంటిగంటకు మూతపడుతుందంటే మేము ఒంటిగంటకు ఇంటికి వెళ్తామని చాలామంది అనుకుంటారు. పన్నెండున్నరకు లాస్ట్ ఆర్డరు అడుగుతాం. అడిగాక కూడా మరో రౌండు కావాలని పట్టుబట్టేవారికి నచ్చజెప్పడం, బిల్లు మీద వాదనలు, తూలుతున్నవారిని క్యాబ్ దాకా నడిపించడం, ఇవన్నీ అయ్యేసరికి ఒంటిగంటన్నర. ఆ తర్వాత తందూరు చల్లార్చాలి, మిగిలిన మసాలాలు తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రయ్యర్ నూనె వడకట్టాలి, వంటగది నేల కడగాలి, బార్ స్టాకు సీసా సీసాగా లెక్కచూసి రిజిస్టరులో రాయాలి, రోజు లెక్క క్యాష్‌తో సరిపోవాలి. స్టాఫ్ భోజనం చేసి బయటపడేటప్పటికి మూడు. మెట్రో చివరి రైలు పదకొండు ప్రాంతంలోనే వెళ్లిపోయి ఉంటుంది. బోరబండలోనో రహమత్‌నగర్‌లోనో ఒకే గదిలో ఆరుగురం ఉంటాం. మాలో ఒడిశా, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల కుర్రవాళ్లు ఎక్కువ. ఇద్దరికో ముగ్గురికో ఒక బైకు. దారిలో పోలీసులు ఆపితే ఏ హోటలు, గుర్తింపు కార్డు ఏదని మళ్లీ మొదలు.

బార్లను తెల్లవారుజాము 3 వరకు తెరిస్తే మా పని ఐదింటికి ముగుస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు లంచ్ సర్వీసుకు మళ్లీ వేరేవాళ్లు రావాలి. యజమాని రెండో షిఫ్టుకు మనుషులను తీసుకుంటాడా, లేక ఉన్నవాళ్లనే సాగదీస్తాడా? చట్టం ప్రకారం వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలి. 2023 ఉత్తర్వులోనూ వారపు సెలవు, అదనపు వేతనం, రాత్రి పనికి స్త్రీల సమ్మతి, వారికి రవాణా వంటి షరతులు ఉన్నాయి. నేను పనిచేసిన చోట్ల రెట్టింపు వేతనం ఎవరి జీతపు స్లిప్పులోనూ కనిపించలేదు. టిప్పులు పెరుగుతాయి కదా అన్నారు.

అలాగని నేను వేళలు పెంచవద్దని అనడం లేదు. చివరి రెండు గంటల్లోనే మా అమ్మకం బాగా జరుగుతుంది, అది మా జీతాలకు ఆధారం. అనుమతి ఇచ్చే ముందు రెండో షిఫ్టు హాజరు పట్టీ చూపించమని, సిబ్బందికి వాహనం ఏర్పాటు చేయమని లైసెన్సులోనే రాయండి. లేకపోతే పెరిగిన వేళల భారమంతా మా మీదే పడుతుంది.

అత్యవసర విభాగం నర్సు:

నేను ఒక పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి విధుల్లో ఉంటాను. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే వాహనం నడపకూడదని చట్టం చెబుతోంది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇది తెలియనివారు లేరు, అయినా వారాంతంలో స్ట్రెచర్లు వరుసగా వస్తూనే ఉంటాయి. వాటి మీద వచ్చేవారిలో తాగి నడిపినవారితో పాటు, ఆ దారిన స్కూటరు మీద పాల ప్యాకెట్లు వేయడానికి బయల్దేరినవారూ ఉంటారు. తెల్లవారుజాము 3 గంటలకు బార్లు మూస్తే, తాగినవారూ పాలవాళ్లూ ఒకే వేళకు ఒకే రోడ్డు మీద ఉంటారు. ప్రతిపాదించినవారు దీనికి సమాధానం చెప్పాలి.

రాత్రి షిఫ్టు ఉద్యోగిని:

నర్సు గారి ప్రశ్న చాలా బరువైనది. నాకు తోచిన సమాధానం ఇది. ఒకే నిమిషానికి అన్నీ మూయించడం వల్ల అందరూ ఒకేసారి రోడ్డు మీద పడతారు. క్యాబ్ ధర రెండింతలవుతుంది, డ్రైవర్లు రద్దు చేస్తారు, ఆ విసుగులో సొంత బండి తాళం తీసేవారు ఎక్కువవుతారు. ఇంగ్లండులో పదకొండింటికి పబ్బులన్నీ ఒక్కసారిగా మూసే పద్ధతిని సడలించడానికి 2005 నవంబరులో అమలైన లైసెన్సు చట్టం వెనుక ఈ ఆలోచన కూడా ఉంది. లండన్‌లో 2016 ఆగస్టు నుంచి శుక్ర, శనివారాల్లో కొన్ని మార్గాల్లో రాత్రంతా మెట్రో నడిపారు. దీనికి విరుద్ధంగా సిడ్నీ 2014లో నగర మధ్యభాగంలో కఠినమైన ఆంక్షలు పెట్టింది. 2020లో అక్కడా, మరుసటి ఏడాది కింగ్స్ క్రాస్‌లోనూ వాటిని ఎత్తివేసింది. కనుక వేళల పొడిగింపును రవాణాతో ముడిపెట్టాలి. వారాంతపు రాత్రుల్లో మెట్రో గానీ ఆర్టీసీ బస్సు గానీ నడవని ప్రాంతంలో బారుకు అదనపు గంట ఇవ్వకూడదన్న షరతుకు నేను సిద్ధమే. జూబ్లీహిల్స్ వీధులు ఆ జాబితాలో ఉండనవసరం లేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నాలెడ్జ్ సిటీ వంటి చోట్ల రాత్రివేళ కార్యాలయాలే ఎక్కువ, అక్కడితో మొదలుపెట్టవచ్చు.

లైసెన్సుల సలహాదారు:

అందరూ వేళల మీదే మాట్లాడుతున్నారు కాబట్టి క్లుప్తంగా ఒక విషయం. 2017 డిసెంబరు 29న ముంబయి కమలా మిల్స్ ఆవరణలోని పైకప్పు రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. అప్పటికి అర్ధరాత్రి దాటి అరగంటే అయింది. ప్రాణాలు తీసినవి మండిపోయే పందిళ్లు, తప్పించుకునే దారి లేకపోవడం. మన దగ్గర నివాస గృహాన్ని పబ్బుగా మార్చి, మెట్లదారిలో బీరు పెట్టెలు పేర్చి, పైకప్పు మీద వెదురు పందిరి వేసిన చోట రాత్రి పదకొండైనా ప్రమాదమే. ముంబయి 2020 జనవరిలో మాల్స్, మిల్లుల ఆవరణల్లో 24 గంటల వ్యాపారాన్ని అనుమతించినప్పుడు కూడా మద్యం వేళలను మార్చలేదు. ఇళ్లకు దూరంగా, గేటు, పార్కింగు, సీసీ కెమెరాలు ఉన్న ఆవరణలనే ఎంచుకుంది. మనం అనుసరించదగినది ఆ ఎంపికే. కట్టడాన్ని బట్టి వేళలు ఇవ్వాలి. ప్రాంతం పేరును బట్టి, పలుకుబడిని బట్టి ఇవ్వకూడదు.

జూబ్లీహిల్స్ నివాసి:

సలహాదారు గారి మాటతో, కెప్టెన్ గారి షరతులతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కూడా ఆకాశహర్మ్యాల్లో కుటుంబాలు ఉంటున్నాయని మాత్రం రాత్రి షిఫ్టు ఉద్యోగిని గారు గమనించాలి. ఇరవయ్యో అంతస్తుకు శబ్దం ఇంకా తేలికగా చేరుతుంది, అడ్డుగోడ ఉండదు కదా. మా కాలనీ సంఘం తరఫున కమిషనరేట్‌కు ఇవ్వబోయే వినతిపత్రంలో ఈ వరుసలో అడగాలనుకుంటున్నాం: పబ్బుల స్పీకర్లకు ధ్వని పరిమితిని దాటనివ్వని పరికరం, దానికి పోలీసు ముద్ర, ఫిర్యాదు చేసినవారి పడకగదిలోనే కొలత, అందులో మంద్ర ధ్వనిని విడిగా నమోదు చేయడం, సొంత పార్కింగు లేని చోట లైసెన్సు పునరుద్ధరణ నిలిపివేత. ఆహారశాలల వేళల మీద మాకు అభ్యంతరం లేదని కూడా అందులోనే రాస్తాం. సిబ్బంది రవాణా గురించిన వాక్యాన్ని కెప్టెన్ గారు తమ మాటల్లో రాసి పంపితే అదే ఉంచుతాం.