పర్లాకిమిడి నుంచి హైదరాబాదుకు: కరోనా కాలంలో పెద్దావిడను కారులో, విమానంలో తీసుకువెళ్లడం ఎలా?

మహేంద్రతనయ (సెప్టెంబరు 2021)

సభ్యులందరికీ నమస్కారం. మేము గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటున్నాం. మా అమ్మగారికి డెబ్బయి రెండేళ్లు. ఆవిడకు మోకాలి ఆపరేషన్ హైదరాబాదులో జరిగింది. ఈ నెలాఖరులో మళ్లీ అక్కడికే తీసుకువెళ్లి చూపించవలసి ఉంది. షుగరు ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు, ఎక్కువ దూరం నడవలేరు. కోవిషీల్డ్ రెండు డోసులూ పూర్తయ్యాయి. విశాఖపట్నం వరకు కారులో వెళ్లి అక్కడ విమానం ఎక్కాలని నా ఆలోచన. మా అన్నయ్య మాత్రం, విమానంలో ముక్కూ మొహం తెలియనివారి పక్కన కూర్చోబెట్టడం కన్నా మొత్తం దూరం సొంత కారులో వెళ్లడమే క్షేమమని పట్టుబడుతున్నాడు. ఈ రెండింటిలో ఏది మేలు? వెళ్లేటప్పుడూ తిరిగి ఒడిశాలోకి వచ్చేటప్పుడూ ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలి? వైద్యం తెలిసినవారు, ఈ మధ్య పెద్దవాళ్లను తీసుకుని ఇలా వెళ్లి వచ్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

వంశధార

నేను శ్రీకాకుళం జిల్లా వైపు వైద్యుడిగా పనిచేస్తున్నాను. మీ అన్నయ్యగారి భయం సహజమే గాని, ఆయన భయపడవలసిన చోటు అది కాదు. విమానం గాలిలో ఉన్నప్పుడు లోపలి గాలి గంటకు ఇరవై నుంచి ముప్ఫై సార్లు పూర్తిగా మారుతుంది. అందులో సుమారు సగం బయటినుంచి వచ్చే కొత్త గాలి, మిగిలిన సగం హెపా వడపోతల గుండా వెళ్లి తిరిగి వచ్చేది. ఆ వడపోతలు 0.3 మైక్రాన్ల పరిమాణంలోని కణాలను కూడా 99.97 శాతం పట్టి ఉంచుతాయి. పైగా గాలి విమానం ముందునుంచి వెనకకు సాగిపోదు. నెత్తి మీదినుంచి దిగి, కాళ్ల దగ్గరనుంచి బయటకు వెళుతుంది. అందువల్ల పదో వరుసలో దగ్గినవారి గాలి ఇరవయ్యో వరుసదాకా పాకడం అంత తేలిక కాదు. పక్క సీటువారి విషయం వేరు, అక్కడ మాస్కే దిక్కు.

ఇంజన్లు ఆపి విమానం నిలిపి ఉంచినప్పుడు ఈ ఏర్పాటంతా ఒక్కోసారి పూర్తిగా నడవకపోవచ్చు. జనం నడవలో ఒకరి మీద ఒకరు పడేలా నిలబడి సామాను సర్దుకునేదీ, విమానం ఆగీ ఆగకముందే అందరూ ఒక్కసారిగా లేచేదీ సరిగ్గా అప్పుడే. అమ్మగారు చక్రాల కుర్చీలో వెళతారు కాబట్టి సాధారణంగా అందరికన్నా ముందు ఎక్కిస్తారు, అందరూ దిగిన తరువాత దించుతారు. అంటే ఆ రెండు వేళలూ అందరికన్నా ఎక్కువసేపు లోపల గడిపేది ఆవిడే. అందుచేత ఆవిడకు కిటికీ సీటు తీసుకోండి, మధ్య సీటులో మీరు కూర్చోండి. నడవలో వచ్చిపోయేవారికి ఆవిడ దూరంగా ఉంటారు. మధ్య సీటువారికి పైనుంచి కప్పుకొనే గౌను ఇస్తున్నారు, అది మీరు వేసుకుంటారు. తలపైన ఉండే గాలి గొట్టాన్ని మూయకుండా ఆవిడ ముఖం ముందునుంచి గాలి కిందికి పోయేలా తిప్పండి. మాస్కు విషయంలో గుడ్డ మాస్కుతో సరిపెట్టవద్దు. కవాటం లేని ఎన్‌95 మాస్కు, ముక్కు దగ్గర తీగ నొక్కి, అంచులనుంచి గాలి పోకుండా పెట్టాలి. దానితో ఒక గంట కూర్చోవడం ప్రయాణానికి వారం ముందునుంచే ఇంట్లో అలవాటు చేయిస్తే, ఊపిరాడటం లేదని విమానంలో తీసివేయరు.

ఇక తిండి. రెండు గంటల లోపు ప్రయాణాలలో భోజనం పెట్టకూడదన్న నియమం ఈ ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. విశాఖ, హైదరాబాదు మధ్య ప్రయాణం గంటన్నర కూడా ఉండదు కాబట్టి లోపల ఏమీ దొరకదనే లెక్క వేసుకోండి. ఇన్సులిన్ వేసుకున్న తరువాత విమానం ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. ఆ ప్రమాదం మీ అమ్మగారికి ఆ రోజున కరోనా కన్నా దగ్గరగా ఉంటుందని నిస్సంకోచంగా చెబుతాను. ఆహారం చేతిలోకి వచ్చాకే సూది వేయండి, గ్లూకోజు బిళ్లలో చక్కెరో జేబులో ఉంచండి. ఇన్సులిన్‌ను, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే పెట్టాలి. సామానులో వేస్తే విమానం అడుగున చలికి గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది.

బరంపురం బాబాయి

డాక్టరుగారు చెప్పినదానితో నాకు పేచీ లేదు గాని, అన్నయ్యగారి మాటను పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. సొంత కారులో మనవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరన్నది నిజమే. అయితే పర్లాకిమిడి నుంచి హైదరాబాదు ఏడువందల కిలోమీటర్లకు పైమాట. మోకాలి ఆపరేషన్ అయిన మనిషిని ఒక్క రోజులో అంత దూరం కూర్చోబెట్టలేరు. దారిలో ఒక రాత్రి లాడ్జిలో దిగాలి, రెండు మూడు పూటలు హోటల్లో తినాలి, ఎన్నోసార్లు మరుగుదొడ్డి కోసం ఆగాలి. ఆ ఆగిన ప్రతిచోటా కొత్త మనుషులే. అందువల్ల నా ఓటు కూడా విశాఖ దాకా కారుకూ, ఆపైన విమానానికే. పలాసలో రైలెక్కితే ఎలా ఉంటుందని ఎవరైనా అడుగుతారేమో. రాత్రంతా మూసి ఉన్న ఏసీ బోగీలో పడుకోవడం ఈ పరిస్థితిలో నాకు నచ్చదు.

కారులో మనం అశ్రద్ధ చేసేది గాలి విషయం. అద్దాలన్నీ బిగించి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కి ఏసీ వేసుకుంటే, ఒకరు వదిలిన గాలిని నలుగురూ పీలుస్తున్నట్టే. ఏసీ వేయక తప్పనప్పుడు బయటి గాలి తీసుకునే మీట పెట్టండి. అద్దాలు తెరిచే విషయంలో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం వారు 2020లో కంప్యూటరు లెక్కలతో ఒక పరిశోధన చేశారు. నాలుగు అద్దాలూ దించితే అన్నిటికన్నా మేలని తేలింది. అది కుదరనప్పుడు, మనిషి పక్కనున్న అద్దం కన్నా ఎదురు వైపు అద్దం తెరిస్తే మధ్యలో గాలి తెరలా ప్రవహించి ఇద్దరినీ వేరుచేస్తుందట. మన కార్లలో డ్రైవరు ముందు కుడివైపు ఉంటాడు కాబట్టి, అమ్మగారు వెనక ఎడమవైపు కూర్చుని, ముందు ఎడమ అద్దం, వెనక కుడి అద్దం బెత్తెడు దించాలన్నమాట. హైవే మీద హోరు వినిపిస్తుంది, చెవులకు తువ్వాలు చుట్టుకుంటే సరి.

పాతపట్నం దాటి నరసన్నపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక మడపాం, నాతవలస టోల్‌గేట్లు వస్తాయి. ఈ ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది, లేకపోతే రెట్టింపు కట్టాలి. ముందురోజే అందులో డబ్బు చూసుకుంటే గేటు దగ్గర అద్దం దించి నోట్లూ చిల్లరా మార్చుకునే పని ఉండదు. పులిహోర, ఫ్లాస్కులో టీ ఇంటినుంచే తెచ్చుకుని, చెట్టునీడన కారు ఆపి, తలుపులు తెరిచి తినండి. మరుగుదొడ్డికి పెట్రోలు బంకులు నయం. లోపల ఎవరూ లేనప్పుడు వెళ్లి, మాస్కు తీయకుండా త్వరగా వచ్చి, సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కుంటే చాలు. కారు సీట్లకూ తలుపులకూ మందు కొట్టడం మీద కొందరు పెట్టే శ్రద్ధలో సగం అద్దాలు తెరవడం మీద పెడితే బాగుండును.

గుణుపురం మాస్టారు

కాగితాల సంగతి నేను చెబుతాను. మొదటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లోకి రావడానికి స్పందన పోర్టల్‌లో పాసు తీసుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ బెడద లేదు. ఇప్పుడు అడిగితే చూపవలసినది రెండు డోసులు పూర్తయిన కోవిన్ ధ్రువపత్రం, లేదా ఆర్‌టీపీసీఆర్ నెగటివ్ నివేదిక. పరీక్ష నివేదిక ఎన్ని గంటల లోపుదై ఉండాలన్నది రాష్ట్రాన్ని బట్టి 48 అనీ 72 అనీ మారుతూ ఉంటుంది. కాబట్టి బయలుదేరే ముందురోజు రెండు రాష్ట్రాల ఉత్తర్వులనూ విమాన సంస్థ పేజీనీ ఒకసారి చూడండి. పరీక్ష చేయించవలసివస్తే గంటల లెక్కను నివేదిక వచ్చిన వేళనుంచి కాక, నమూనా ఇచ్చిన వేళనుంచి వేసుకోవడం క్షేమం.

మన సరిహద్దు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు పేర్లది. ఆధార్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది, ఆసుపత్రి కాగితాల్లో మొదట ఉంటుంది. ఒడిశా కార్యాలయాల్లో రాసినప్పుడు వెంకటరావు కాస్తా బెంకట రావు అవుతాడు. టికెట్టు మీది పేరు, గుర్తింపు కార్డు, టీకా ధ్రువపత్రం మూడూ ఒకేలా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. టీకా ధ్రువపత్రంలో పేరు తప్పు పడితే కోవిన్ పోర్టల్‌లోనే దిద్దుకోవచ్చు గాని, ఆ అవకాశం ఒక్కసారే ఇస్తారు కాబట్టి తొందరపడి నింపకండి. అన్నిటికీ కాగితం ప్రతులు తీసి ఒక ప్లాస్టిక్ కవరులో పెడితే ఫోను ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి ఇవ్వనక్కరలేదు. వెబ్ చెక్-ఇన్ ఇంటి దగ్గరే చేయాలి. చక్రాల కుర్చీని మాత్రం టికెట్టు కొనేటప్పుడే అడగాలి, అక్కడికి వెళ్లాక అడిగితే వరుసలో నిలబడి ఎదురుచూడవలసి వస్తుంది. కుర్చీ చేతులను కూర్చోబోయే ముందు శానిటైజరుతో తుడవండి.

రెండు రాష్ట్రాల్లోనూ రాత్రి కర్ఫ్యూ ఉంది కనుక తెల్లవారుజాము విమానం కన్నా మధ్యాహ్నపు విమానం మీకు అనుకూలం. తెల్లవారాక బయలుదేరినా అందుతుంది.

మహేంద్రతనయ

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులు అన్నయ్యకు చదివి వినిపించాను. గంటకు ఇరవై సార్లు గాలి మారుతుందన్న మాటకు కాదుగాని, లాడ్జి మాటకు మెత్తబడ్డాడు. మధ్యాహ్నపు విమానమే తీసుకుంటున్నాం. ఆధార్‌లోనూ ధ్రువపత్రంలోనూ అమ్మ పేరు ఒకేలా ఉంది. ఒక సందేహం మిగిలింది. కారు మాదే గాని డ్రైవరు ఆ రోజుకు పిలిపించుకునే మనిషి. ఆయనకు ఒక్క డోసే అయింది. తిరుగు ప్రయాణానికి మూడు రోజుల తరువాత మళ్లీ ఆయనే విశాఖ రావాలి.

వంశధార

ఇది అడగడం చాలా మంచిదైంది, చాలామంది డ్రైవరును లెక్కలోకే తీసుకోరు. నాలుగు గంటలు ఒకే కారులో అమ్మగారికి అతి దగ్గరగా కూర్చునేది విమానంలోని అపరిచితుడు కాదు, ఆయనే. ఆయనకూ మీరే ఎన్‌95 మాస్కులు కొనివ్వండి. వచ్చేటప్పటికి మాసిపోకుండా రెండోది కూడా ఇవ్వండి. మూడు రోజులూ ఆయన విశాఖలో ఏ డార్మిటరీలోనో పడుకుని, హోటళ్లలో తిని మళ్లీ అమ్మగారి ముందు కూర్చునే బదులు, అదే రోజు ఇంటికి పంపి, మళ్లీ రమ్మనడమే మేలు. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, ఆ డబ్బు దండగ కాదు. ముందురోజు ఫోను చేసి ఆయనకు గాని, ఇంట్లోవారికి గాని జ్వరం, గొంతునొప్పి, వాసన తెలియకపోవడం ఉన్నాయేమో అడగండి. ఉన్నాయని చెబితే ఆ రోజు కూలి పోతుందని దాచే అవకాశం ఉంది కాబట్టి, రాకపోయినా కూలి ఇస్తామని ముందే మాట ఇవ్వండి. ఇంటికి చేరాక రెండు వారాల పాటు అమ్మగారిని పెళ్లిళ్లకూ పరామర్శలకూ పంపకండి. ఈ లోగా ఎవరికి లక్షణాలు కనిపించినా, ఆయనకైనా మీకైనా, ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించి రెండో ఇంటికి కబురు చెప్పండి. 104 నంబరు సరిహద్దుకు రెండు వైపులా పనిచేస్తుంది.